బరకం కప్పిన బోటు

ఓలేటి బంగారయ్య వరద రక్షణ పడవల విభాగంలో సరంగుగా చేరి ఇరవై ఆరేళ్లయింది. ఈ ఇరవై ఆరేళ్లలో అతడు పదకొండు వరదలనూ, పదిహేడుమంది అధికారులనూ చూశాడు. ఎగువన ఎంత వాన కురిస్తే దిగువకు ఎప్పటికి ఎంత నీరు చేరుతుందో చెప్పడానికి ఒక లెక్క ఉందని అతడికి తెలుసు. అధికారుల విషయంలో అటువంటి లెక్కను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

విభాగపు కార్యాలయం జిల్లా పట్నంలో, గోదావరికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉంది. కార్యాలయం పట్నంలోనే ఉండాలి గనుకా, ప్రభుత్వ ఆస్తి కార్యాలయంలోనే ఉండాలి గనుకా, పడవ కూడా నదికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలోనే ఉండేది. ఏరు పొంగినప్పుడల్లా దానిని ట్రైలరు మీద కట్టి, జీపుకు తగిలించి, గట్టుదాకా లాక్కుపోవాలి. జీపును కరీముల్లా నడిపేవాడు, పడవను బంగారయ్య నడిపేవాడు, వాళ్లిద్దరినీ ఉపసంచాలకులు ఇవటూరి సుదర్శనరావు గారు నడిపేవారు.

కిందటి కార్తీకంలో కొత్త ఫైబరు బోటు వచ్చింది. దానిని నీటిలో దింపి చూడడానికి మొదటిసారి బయలుదేరిన రోజున, దారిలో గాలికి ఒక లైఫ్ జాకెట్టు ఎగిరి, వెనకనే వస్తున్న సుదర్శనరావు గారి కారు అద్దానికి అతుక్కుంది. కారు ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, జాకెట్టుకు కూడా ఏమీ కాలేదు. కానీ పడవ ఏటిదాకా పోకుండానే వెనక్కి తిరిగింది, అక్కడికక్కడే, రోడ్డు పక్కన, ఒక నియమం పుట్టింది. ట్రైలరు మీద ప్రయాణించే పడవకు విధిగా ముసుగు ఉండాలి.

న్యాయంగా చెప్పాలంటే అది మంచి నియమమే. ఎంత తెలివితక్కువ నియమానికైనా బాల్యంలో కొంత తెలివి ఉంటుంది. బంగారయ్య కూడా సంతోషించాడు. పాత బోటుకు అతడు తన సొంత టార్పాలిన్ బరకమే కప్పేవాడు. బిగించి కట్టడం, వాన నీరు మడుగు కట్టకుండా మధ్యలో ఒక వెదురు బొంగు నిలబెట్టడం, కొసల్లో కాస్త గాలి ఆడనివ్వడం, ఈ మూడే దానిలోని విద్య. నదిలో దింపే ముందు ఆ బరకాన్ని లాగి గట్టు మీద పడేసేవాడు. ఆ పనికి అరనిమిషం పట్టేది.

విభాగం మాత్రం బరకం కొనలేదు, ‘రక్షణాచ్ఛాదనం’ కొంది. ముదురు నీలం రంగు, పడవ కొలతలకు కుట్టినది. ముక్కు దగ్గర ట్రైలరుకు బిగించే కట్లు, వెనక ఇంజను దగ్గర సంచి మూతిలా లాగి ముడివేసే తాడు. దానితోపాటు, వాడే విధానం చెప్పే చిన్న కరపత్రం ఒకటి వచ్చింది. ‘తడిగా ఉన్నప్పుడు తీసి మడవకుండా ఉంటే బూజు పట్టదు’ అని అందులో ఏడో వాక్యం. సుదర్శనరావు గారు దానిని కార్యాలయ భాషలోకి అనువదింపజేశారు. అనువాదంలో సలహా శాసనమైంది. ‘నియమం 7: పొడి వాతావరణంలో తప్ప ఆచ్ఛాదనమును తొలగించరాదు.’

ఆ కాగితం నోటీసు బోర్డు మీద చూసి కరీముల్లా చాలాసేపు నిలబడ్డాడు.

“బంగారన్నా, నాకో అనుమానం. మన బోటు ఎప్పుడు తీత్తాం?”

“వరదొచ్చినప్పుడు.”

“వరదెప్పుడొత్తాది?”

“వానలు పడ్డప్పుడు.”

“మరి ఎండ కాత్తే గానీ బరకం తియ్యకూడదని రాశారు గదా.”

బంగారయ్య ఆ మాటే వెళ్లి ఉపసంచాలకులకు విన్నవించుకున్నాడు. సుదర్శనరావు గారు ఓపికగా విన్నారు. ఆయన కోపిష్ఠి కారు. అహంకారీ కారు. తన సంతకం కింద ఉన్న వాక్యాన్ని నిజమని నమ్మగలిగిన సాత్త్వికుడు.

“బంగారయ్యా, నియమం ఏడు ఆచ్ఛాదనమునకు సంబంధించినది. వరద విషయం నియమం పంతొమ్మిదిలో వస్తుంది. రెండింటినీ కలిపి చదవడం పరిపాలనా సంప్రదాయం కాదు,” అన్నారు.

పుష్యమాసంలో మరో చిక్కు వచ్చింది. ముసుగు కప్పి నెలకోసారి పట్నం చుట్టూ తిప్పుతున్న పడవకు, అరచేయంత మేర రంగు పోయింది. కారణం బంగారయ్యకు వెంటనే తెలిసింది. చూపులకు అందంగా ఉండాలని ముడులన్నీ పూలజడ ముడుల్లా వదులుగా వేయమన్నారు. వదులు ముసుగు గాలికి టపటపా కొట్టుకుంటుంది. అయితే తెలియడం వేరు, చూపించడం వేరు అని అతడికి తెలుసు. బజారులో సుద్దముక్కలు కొని ముసుగు లోపలివైపంతా రుద్ది, పది కిలోమీటర్లు తిప్పుకొచ్చి, సుదర్శనరావు గారి ఎదుట విప్పాడు. ఆ రోజు ఎండ కాసింది కాబట్టి అది నియమబద్ధమే.

“చూడండి బాబూ. సుద్ద ఎక్కడెక్కడ చెరిగిపోయిందో, సరిగ్గా అక్కడే రంగూ పోయింది. మధ్యలో దుమ్ము చేరి, బరకం కాస్తా ఉప్పుకాయితం అయిపోయిందండి. బిగించి కడితే చాలండి, ఇంకేం అక్కర్లేదు.”

సుదర్శనరావు గారు కళ్లజోడు సవరించుకుని ముసుగునూ పడవనూ మార్చి మార్చి పరీక్షించారు. “శాస్త్రీయ దృక్పథం! అభినందనీయం!” అన్నారు. తరవాత ముసుగు లోపలివైపు వేలు పెట్టి చూపించారు. “ఇక్కడ నూలు కూడా లేచింది, గమనించావా? అనగా, పడవ యొక్క గరుకుదనం వల్ల ఆచ్ఛాదనమునకు హాని కలుగుచున్నది.”

ప్రయోగం అన్నది అద్దం వంటిది. ఎవరు ముందు నిలబడితే వారి మొహమే అందులో కనిపిస్తుందని బంగారయ్యకు ఆ పూట అర్థమైంది. వారం తిరక్కుండా, పడవ నుంచి ముసుగును కాపాడడానికి మధ్యలో మెత్తటి కంబళి ఒకటి వచ్చింది. కొత్త ముసుగు ఎండకు వెలిసిపోకుండా దాని మీద మరో ముసుగు వచ్చింది. ఈ మూడింటినీ చూసుకోవడానికి బొడ్డు లోకనాథం అనే పొడుగాటి, బిడియపు మనిషి ఆచ్ఛాదన సంరక్షకుడుగా వచ్చాడు. ముక్కు దగ్గరి కట్లకు సీసపు సీలు వేయడం, రోజూ ఉదయం ఆ సీలు చెక్కుచెదరలేదని రిజిస్టరులో రాయడం అతడి ఉద్యోగం. ఇంజను నూనె చూసుకోవడానికి మాత్రం మూడింటికీ వెనకవైపు ఉన్న తాళ్లు వదులు చేసుకునే హక్కు సరంగుకు మిగిలింది.

వైశాఖంలో సుదర్శనరావు గారు ఒక గణాంక నివేదిక తయారుచేశారు. గడచిన ఇరవై ఏళ్లలో పడవలకు జరిగిన నష్టాలలో నూటికి నూరు పాళ్లూ ముసుగు తీసి ఉన్నప్పుడే జరిగాయి. ముసుగు వేసి ఉన్న పడవ ఒక్కటైనా మునగలేదు, ఒక్కటైనా రాయికి కొట్టుకోలేదు. అంకెల్లో తప్పేమీ లేదు. ఆ నివేదిక చూసి రాజధానిలో వారు ఎంతగానో మెచ్చుకున్నారు. రాష్ట్రంలో అత్యుత్తమంగా పరిరక్షింపబడిన పడవగా దానిని ఎంపిక చేసి, ఒక పలకా, ఒక శాలువా పంపారు. శాలువా ఎవరికి కప్పాలో ఆదేశాలలో స్పష్టంగా లేకపోవడంతో, దానిని కూడా పడవకే కప్పారు. వర్షాకాలపు సన్నాహక విన్యాసాలు సైతం ముసుగు మీదనే జరిగాయి. కరీముల్లా ట్రైలరును ఆవరణలో మూడు చుట్లు తిప్పాడు. గుమస్తాలు బాధితులుగా నటిస్తూ ఇరువైపులా చేతులు ఊపారు.

శ్రావణంలో నిజమైన బాధితులు చేతులు ఊపారు.

ఎగువన మూడు రోజులుగా వాన పడుతూనే ఉంది. చామలలంక ఏటి నడుమ ఉన్న చిన్న ఊరు. బంగారయ్య అక్క అచ్చియ్యమ్మ ఆ ఊరి కోడలు. నాలుగో రోజు తెల్లవారేసరికి ఊళ్లో చాలామంది నాటుపడవల్లో గట్టుకు చేరారు. వరద ఉరవడికి పడవలు ఆగిపోయేసరికి నలభై ముగ్గురు మాత్రం మిగిలి, బడి డాబా మీదకు ఎక్కారు. వాళ్లలో అచ్చియ్యమ్మ ఉంది.

జీపు ఉదయం ఆరింటికే బయలుదేరింది. ముసుగు చిరగకుండా గంటకు ఇరవై కిలోమీటర్లకు మించరాదని మరో నియమం.

“బాతులోళ్లు మనల్ని దాటేత్తన్నారన్నా,” అన్నాడు కరీముల్లా, పళ్లు కొరుకుతూ. “బాతులు కూడా దాటేత్తన్నాయి.”

ఏటిగట్టు చేరేసరికి ఏడున్నర. గట్టు నుంచి బడి అరకిలోమీటరు కూడా ఉండదు. డాబా మీద మనుషులు కనపడుతున్నారు. బంగారయ్య జేబులో ఫోను మోగింది.

“ఒరే బంగారం, ఎక్కడ సచ్చావురా?”

“గట్టు మీదున్నానక్కా. నువ్వు కనపడతన్నావు.”

“నువ్వూ కనపడతన్నావు. నీ పక్కన ఆ ముసుగేసుకున్నదేటిరా, పెళ్లికూతురా?”

“బోటక్కా.”

“దానికి అంత సిగ్గేటిరా? తీసి పారేసి రా. గోడ మీద రెండో ఎక్కం రాసుంది చూడు. పొద్దున్న పది వరసలూ ఉన్నాయి. ఇప్పుడు రెండు ఏళ్లు పద్నాలుగు కాడికొచ్చేసింది నీరు.”

సుదర్శనరావు గారు కారు దిగారు. వెంట గొడుగు, ఫైలు, లోకనాథం, ఇద్దరు కానిస్టేబుళ్లు. అప్పటికే వాన ఏకధారగా పడుతోంది. బంగారయ్య చేతులు జోడించాడు.

“బాబూ, సీలు తీయించండి. నీరు పైకొత్తంది.”

“తప్పక తీయిస్తాం. ముందు వాతావరణ పరిస్థితి నిర్ధారించాలి.” సుదర్శనరావు గారు లోకనాథం వైపు తిరిగారు. “పరీక్ష నిర్వహించండి.”

పరీక్షా విధానం నియమావళి అనుబంధంలో ఉంది. శుభ్రమైన చేతిరుమాలును ముసుగు మీద ఐదు నిమిషాలు పరచాలి. అది పొడిగా ఉంటే వాతావరణం పొడిగా ఉన్నట్టు. లోకనాథం చేతిరుమాలు పరిచాడు. ఐదు నిమిషాల తరవాత దానిని పిండాడు.

“తడిగా ఉందండి,” అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

“నమోదు చేయండి. పదిహేను నిమిషాల అనంతరం పునఃపరీక్ష.”

మూడు పరీక్షలు జరిగాయి. మూడు చేతిరుమాళ్లు తడిశాయి. ఫోను మళ్లీ మోగింది. నీరు రెండు ఐదులు పదికి వచ్చింది. సుదర్శనరావు గారికి కూడా చెమట పట్టింది. ఆయన రాతిగుండె మనిషి కారు. నిజంగా ఏదైనా చేయాలనుకున్నారు. చివరికి ఆయన మొహం వెలిగింది.

“స్థానికంగా పొడి వాతావరణాన్ని కల్పిద్దాం! ఊళ్లో షామియానా దొరుకుతుందా?”

పెళ్లి షామియానా వచ్చింది, గులాబీ రంగుది, జరీ అంచులతో. ఎనిమిదిమంది నాలుగు గుంజలూ పట్టుకుని బోటు మీద నిలబెట్టారు. దాని కింద వాన పడలేదు. నాలుగో చేతిరుమాలు పరిచారు. అందరూ దాని చుట్టూ మూగారు. ఐదు నిమిషాల్లో అది కూడా చెమ్మగిల్లింది. అది ప్రకృతి సూత్రం. గాలిలో పట్టగలిగినంత ఆవిరి పట్టి ఉన్నప్పుడు, పైన షామియానా ఉన్నా రాజభవనం ఉన్నా గుడ్డ తేమను పీల్చుకుంటుంది. గోదావరి గట్టు మీద శ్రావణ మాసంలో చేతిరుమాలు పొడిగా ఉండాలంటే ప్రకృతి సూత్రాలను సవరించాలి. ఆ అధికారం తనకు లేదని సుదర్శనరావు గారు నిజాయితీగా ఒప్పుకున్నారు. అయితే పైవారికి ప్రతిపాదన పంపవచ్చునన్నారు.

అంతలో ఒక గాలి విసురు వచ్చి షామియానాను ఎత్తి ఏటిలో పడేసింది. చామలలంక వాళ్లు చూస్తుండగా, అది బడి పక్కనుంచి జరీ అంచులతో సహా తేలుతూ పోయింది.

ఫోనులో అచ్చియ్యమ్మ గొంతు ఈసారి మెల్లగా వినిపించింది.

“బంగారం, ఇప్పుడు పోయిందేటిరా? పందిరా?”

“షామియానా అక్కా.”

“పెళ్లికూతురి కోసమా?” అంది. “ఒరే, ఇక్కడ ఎవుళ్లూ నవ్వట్లేదురా. ఎక్కం ఇంక రెండు వరసలే ఉంది. పిల్లల్ని నీళ్లట్యాంకు మీదకి ఎక్కించేశాం. ముసలోళ్లు ఎక్కలేరు. నేనూ ఎక్కలేను.”

బంగారయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. సీలు పగలగొట్టి ముసుగు చింపెయ్యడానికి అతడికి ఒక కత్తి చాలు. కానీ ప్రభుత్వ సీలును పగలగొట్టినవాడిని గట్టు మీదనే పట్టుకుని బోటు ఎక్కకుండా ఆపుతారనీ, ఆ పని కోసం సుదర్శనరావు గారి వెనక ఆ ఇద్దరు కానిస్టేబుళ్లూ ఉన్నారనీ అతడు చూశాడు. ఇంజను అతడికి తప్ప ఎవరికీ రాదు. అప్పుడతడు ట్రైలరు చుట్టూ నెమ్మదిగా తిరిగి వచ్చి, లోకనాథం ముందు నిలబడ్డాడు.

“లోకనాథం గారూ, ఇంజను నూనె చూసుకోవచ్చా అండి?”

“చూసుకోవచ్చు. అది మీ హక్కు.”

“ఎనకవైపు తాళ్లు మూడూ వదులు చేసుకోవచ్చా?”

“నియమం పదకొండు ప్రకారం చేసుకోవచ్చు.”

“ట్రైలరు నీళ్లలో ఉండగా చూడకూడదని ఎక్కడన్నా రాశారా?”

లోకనాథం అతడి మొహంలోకి చూశాడు. తరవాత ఏటి వైపు చూశాడు. ఆ తరవాత మెల్లగా వెళ్లి, పడవ ముక్కు దగ్గర సీలుకు జానెడు దూరంలో నిలబడ్డాడు. “నా విధి ఈ సీలును చూడడం,” అన్నాడు. “నేను సీలునే చూస్తున్నాను. వెనక ఏం జరుగుతోందన్నది నా పరిధిలోకి రాదు.”

బంగారయ్య చెయ్యి ఊపాడు. కరీముల్లా జీపును వెనక్కి నడిపాడు. ట్రైలరు రేవులోకి దిగింది, చక్రాలు మునిగాయి, పడవ అడుగుకు నీరు తగిలింది. లోకనాథం సీలును చూస్తూ మోకాలి లోతుకూ, నడుము లోతుకూ దానితోపాటే దిగాడు. బంగారయ్య పడవను ట్రైలరుకు బిగించిన మోకులు విప్పి, వెనక మూడు తాళ్లూ వదులు చేసి, ఇంజను పట్టుకుని ఒక్క లాగు లాగాడు. పడవ, చొక్కా చేతిలోంచి చెయ్యి వచ్చినట్టు, రెండు ముసుగుల్లోంచీ, కంబళిలోంచీ, శాలువాలోంచీ జారి నీటిలోకి వచ్చింది. పుట్టిన తొమ్మిది నెలలకు అది మొదటిసారి తేలింది.

“ఆపండి!” అన్నారు సుదర్శనరావు గారు గట్టు మీద నుంచి. “ఆచ్ఛాదనం తొలగించారు!”

“లేదండి,” అన్నాడు లోకనాథం, నడుము లోతు నీటిలోంచి. “సీలు ఉంది. ఆచ్ఛాదనం ఉన్నచోటే ఉంది. పడవ మాత్రం వెళ్లిపోయింది.”

బోటులో పన్నెండుమంది పడతారు. నాలుగు దఫాలు తిరిగింది. చివరి దఫాలో, ఎక్కాల గోడ పూర్తిగా మునిగి, నీరు డాబా మీద చీలమండల దాకా వచ్చాక, అచ్చియ్యమ్మ తన ఇనపపెట్టెతో సహా ఎక్కింది. పెట్టె వదిలెయ్యమంటే, “నువ్వు షామియానాలు కట్టినంతసేపూ నేనిది మోశానురా, ఇప్పుడొదలమంటావా?” అని కోప్పడింది. ఒడ్డుకు చేరాక తమ్ముడి చెవి పట్టుకుని గట్టిగా మెలిపెట్టింది. ఆ తరవాత అదే చెయ్యి తీసి అతడి తలమీద వేసి, చాలాసేపు ఉంచేసింది.

పక్షం రోజుల తరవాత కార్యాలయంలో విచారణ జరిగింది. రక్షణ చర్యపై విచారణ కాదది. పొడి వాతావరణ ధ్రువీకరణ జారీ కాలేదు కనుక రక్షణ చర్య ప్రారంభం కాలేదు. ప్రారంభం కాలేదు కనుక రక్షింపబడినవారు లేరు. లేనివారికి జాబితా అవసరం లేదు. కానీ పడవ మీద గీతలు మాత్రం ఉన్నాయి. పదకొండు గీతలు, ఒక సొట్ట. వాటికి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి.

“బాధ్యులను గుర్తించలేని పక్షంలో బాధ్యత యావత్తూ సరంగుకు సంక్రమిస్తుంది. ఉద్యోగం నుంచి తొలగించవలసి వస్తుంది,” అన్నారు సుదర్శనరావు గారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. “ఈ గీతలు ఎవరు చేసినవో చెప్పగలవా బంగారయ్యా?”

బంగారయ్య నోరు విప్పేలోగా బయట అలికిడైంది. వరండా నిండా చామలలంక మనుషులు. అందరికన్నా ముందు అచ్చియ్యమ్మ.

“మా తమ్ముడికేం తెలుసు బాబూ, ఆడు ముందు చూసుకుని నడిపాడు. మా గీతలు మేం చెప్తాం,” అంది. నేరుగా ఆవరణలో ఉన్న బోటు దగ్గరకు వెళ్లి, సొట్ట మీద అరచేయి పెట్టింది. “ఇది నా పెట్టె. ఇది మా మావగారి చేతికర్ర. ఈ పొడుగు గీత సూరమ్మ కడియం, దాన్ని ఇద్దరు లాగితే గానీ ఎక్కలేదు. ఇదిగో ఈ చిన్నది, ట్యాంకు మీంచి దించినప్పుడు పిల్లాడి మొలతాడు బిళ్ల.”

“అమ్మా, తాము బాధ్యత అంగీకరిస్తున్నట్టు సంతకం పెట్టవలసి ఉంటుంది. అర్థమవుతోందా?”

“ఎందుకు అవదు? ఎక్కడ పెట్టాలో సెప్పండి.”

 సుదర్శనరావు గారు లోకనాథం చేత ఒక తెల్లకాగితం తెప్పించి, పైన తన చేత్తోనే శీర్షిక రాశారు. లంకవాళ్లు వరసలో నిలబడ్డారు. సంతకాలు వచ్చినవాళ్లు సంతకాలు పెట్టారు, రానివాళ్లు వేలిముద్రలు వేశారు. చంటిపిల్లల బొటనవేళ్లకు తల్లులే సిరా అద్దారు. గీతలు పదకొండే కదా, ఇంతమంది ఎందుకని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నానికి గానీ వరస తరగలేదు.

ఆ వరదలో ప్రాణాలతో బయటపడ్డ చామలలంక వాళ్ల జాబితా ప్రభుత్వం దగ్గర ఈనాటికీ లేదు. ‘పడవకు నష్టం కలిగించిన వ్యక్తులు’ అనే జాబితా మాత్రం ఫైలులో ఉంది. అందులో నలభై మూడు పేర్లున్నాయి. లోకనాథం రెండుసార్లు లెక్కపెట్టాడు. ఒక్కరూ తగ్గలేదు.